దారెస్సలాంలో మనుషులతో కలవాలంటే

మాది కావలి దగ్గర జువ్వలదిన్నె. టాంజానియా వెళ్లే మన నెల్లూరు పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: సఫారీ తర్వాత చూసుకోవచ్చు, ముందు పొద్దున్నే దారెస్సలాంలోని కివుకోని చేపల మార్కెట్‌కి వెళ్లండి.

పడవల సరుకు వేలం జోరుగా ఉంటుంది, అడ్డం నిలబడొద్దు. పెద్దవాళ్లు ఎదురైతే 'షికమో' అని పలకరించండి, వాళ్లు 'మరహబా' అని బదులిస్తారు. పలకరించకుండా నేరుగా ధర అడిగితే మర్యాదగా ఉండదు. ఇల్లు, పిల్లలు, ఆరోగ్యం అన్నీ అడుగుతారు, మీరూ అడగండి. ఫోన్‌లో మన రేవు ఫోటోలు చూపిస్తే వలల మీదికి మాట మళ్లుతుంది, ఇక భాష రాకపోయినా పరవాలేదు. వాళ్ల ఫోటో మాత్రం అడిగే తీయాలి.

మధ్యాహ్నం హోటల్‌కి పోకండి. రోడ్డు పక్కన వండిపెట్టే ఆడవాళ్లను 'మామా లిషే' అంటారు, అక్కడ బల్ల మీద కూర్చోండి. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి మన సంగటిలాంటిదే. చేతులు కడుక్కుని, కుడిచేత్తో ముద్ద చేసి చేపల కూరలో అద్దుకోవాలి. 'దగా' అనే చిన్న ఎండుచేపలు దొరికితే వదలొద్దు! నాకైతే ఊరు గుర్తొచ్చింది. రంజాన్ నెలలో పగలు బయట తినకండి, అక్కడ ముస్లింలు ఎక్కువ.

ఎవరైనా ఇంటికి రమ్మంటే టైమ్ సరిచూసుకోండి. అక్కడి భాష స్వాహిలీ లెక్కలో మన పొద్దున 7 గంటలు వాళ్లకు ఒంటిగంట. వాచీ చూపించి అడిగితే టెన్షన్ ఉండదు. వెళ్లేటప్పుడు చక్కెరో పండ్లో పట్టుకెళ్లండి, ప్లాస్టిక్ సంచిలో మాత్రం వద్దు, 2019 నుంచి వాటిపై నిషేధం ఉంది.