పేగు జబ్బు ఉన్న ఇంట్లో ఒక్కరి మీదే భారం పడకుండా

పేగు వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ గానీ క్రోన్స్ గానీ వారం మందులతో పోయే జబ్బులు కావు. నెలల తరబడి బాగుంటుంది, మళ్లీ రేగుతుంది. రేగినప్పుడు రాత్రి కూడా లేచేది, మెత్తగా వండిపెట్టేది, విశాఖ కేజీహెచ్ (పెద్దాసుపత్రి) ఓపీలో చీటీ పట్టుకుని నిలబడేది చాలా ఇళ్లల్లో ఒక్క మనిషే, భార్యో అమ్మో. ముందు అది మారాలి.

"ఏదైనా ఉంటే చెప్పు వదినా" అన్నవాళ్లకి వెంటనే పని చెప్పేయండి. మందులు అయిపోకముందే తెచ్చే బాధ్యత మరిదిది, రిపోర్టులు తేదీల వారీగా ఫైల్లో పెట్టి ఫోన్లో ఫొటోలు తీసి ఉంచడం కూతురిది. గాజువాక నుంచి ఆడపడుచు ఆదివారం వస్తే ఆ పూట మీరు బయటికి వెళ్లండి, బీచ్‌కో పుట్టింటికో, ఎందుకంటే ఇంట్లోనే ఉంటే మళ్లీ వంటగదిలోకే వెళ్తారు.

బాత్రూం ఒక్కటే ఉంటే స్కూలుకి, స్టీల్‌ప్లాంట్ షిఫ్టుకి వెళ్లేవాళ్లు కాస్త ముందే లేవాలి. తలుపు కొట్టడం, "మళ్లీనా?" అనడం పూర్తిగా మానేయాలి, ఆ మాటకి మనిషి సిగ్గుతో తిండే తగ్గించేస్తాడు. బయటికి వెళ్తే ఒక జత బట్టలు, టిష్యూలు, నీళ్లు ఉన్న సంచి దగ్గరుంటే ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా బస్సు ప్రయాణం కూడా అంత టెన్షన్‌గా ఉండదు.

తిండి దగ్గరే ఇంట్లో గొడవలన్నీ. "ఆవకాయ తిన్నావు, అందుకే వచ్చింది" అనకండి. ఇది శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ పేగు మీదే తిరగబడే జబ్బు, ఒక్క ముద్ద ఆవకాయతో వచ్చేది కాదు. రేగినప్పుడు కారం, పీచు తగ్గించి మెత్తటి అన్నం పెట్టండి, తగ్గాక మామూలుగా తిననివ్వండి, ఏడాదంతా పథ్యం పెడితే మనిషి నీరసించిపోతాడు.

బాగుంది కదా అని పేగు వాపుని అదుపులో ఉంచే మెసాలమైన్ మందు మానేయొద్దు. స్టెరాయిడ్ అయితే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిందే, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. నొప్పి మాత్రలు డాక్టర్‌ని అడగకుండా వేయకండి, కొన్ని జబ్బుని మళ్లీ రేపుతాయి. రక్తం ఎక్కువగా పడినా, జ్వరం వచ్చినా, పొట్ట ఉబ్బినా, కళ్లు తిరిగినా తెల్లారేదాకా చూడకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

చూసుకునేవాళ్లకి విసుగొస్తుంది, కోపం కూడా వస్తుంది. అది ప్రేమ లేక కాదు, నిద్ర లేక. ఈసారి ఆయన్ని చూపించడానికి వెళ్లినప్పుడు మీ బీపీ కూడా చూపించుకోండి, నిద్ర పట్టడం లేదని డాక్టర్‌కి చెప్పండి.