రిటైరైన సార్ల ముచ్చట రికార్డు చేసుడు, మూడో పాఠం: సర్వీసు గాదు, ఒక్క దినం అడగండి

మొదటి పాఠంల యూనివర్సిటీల పనిచేసి రిటైరైనోళ్ళల్ల ఎవరిని ఎంచుకోవాలె అనేది చూసినం, ప్రొఫెసర్లు ఒక్కళ్ళే గాదు, డిస్పాచ్ సెక్షన్ల కూసున్నాయన, ల్యాబ్ అటెండర్, హాస్టల్ వంటమనిషి, వాచ్‌మెన్ గూడ కావాలె అనుకున్నం. రెండో పాఠంల మైకు, ఫోను, మెమరీ కార్డు సంగతి. చాలామంది మళ్ళ అదే అడుగుతున్నరు కాబట్టి ఒక్క ముక్కల చెప్పి ముందుకు పోతా: వేవ్ (WAV) ఫైల్ పెట్టండి, అంటే గొంతును కుదించకుండ దాచేది, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ స్టీరియోల గంటకు సుమారు ఒక జీబీ అయితది, మోనో అయితే సగమే, కార్డుల జాగ చూసుకోండి. ఫోన్ తోని చేసేటోళ్ళు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టుడు మరువద్దు. నేను మరిచిన, మా బావమరిది ఫోన్ చేసిండు, రికార్డింగ్ ఆగింది, నేను చూస్కోలే, ఇరవై నిమిషాల ముచ్చట గాలికి పోయింది. మళ్ళొకసారి చెప్పమంటే పెద్దాయన చెప్పిండు గని అది మొదటి చెప్పుడు లెక్క లేకుండె.

ఇగ ఇయ్యాల్టి పాఠం, అడుగుడు.

అందరం చేసే తప్పు ఏందంటే మైకు పెట్టి "సార్, మీ సర్వీసు గురించి చెప్పండి" అంటం. అంతే, సార్ గొంతు సవరించుకుని రిటైర్మెంట్ ఫంక్షన్ల మాట్లాడినట్టు మొదలు పెడ్తడు. ఫలానా తారీఖున జాయినైన, ఫలానా ఏడు ప్రమోషన్, అందరి సహకారంతోని విజయవంతంగ పూర్తి చేసిన, నమస్కారం. నాలుగు నిమిషాలల్ల ముప్పై నాలుగేండ్లు అయిపోయినయి. అది ఆయన తప్పు గాదు, మనం అడిగింది సర్వీస్ రిజిస్టరు, ఆయన చదివింది సర్వీస్ రిజిస్టరు. అదంతా ఆఫీసుల ఫైల్ల ఎట్లాగూ ఉంటది, దానికి మనం పోవుడెందుకు.

అందుకే ఒక్క దినం అడగండి. "మీరు కొత్తగ చేరినప్పుడు పొద్దున ఇంట్ల నుంచి ఎన్నిటికి ఎల్లేటోళ్ళు? ఏ బస్సు? దిగినంక ఎంత దూరం నడిచేది? రూము తాళంచేతులు ఎవరి దగ్గర ఉండేటివి? మొట్టమొదలు ఏం పని చేసేది?" ఇట్ల అడిగితే మనిషి మొకం మారుతది, చేతులు కదులుతయి, ఆ చేతులు చూస్తె మీకే అర్థమైతది దారిల పడ్డదని.

నేను ఎగ్జామినేషన్ సెక్షన్ల పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన కాడికి పోయిన, ఎనభై అయిదు దాటినయి. సర్వీసు అడిగితే రెండు మాటలు చెప్పి టీ తాగమన్నడు. అప్పుడు "రిజల్ట్ వచ్చే ముందు రాత్రి సెక్షన్ల ఏం జరిగేది పెద్దనాయనా" అన్న. ఇగ చూడండి, గంట పైన. జవాబు పేపర్ల కట్టలు వచ్చుడు, హాల్ టికెట్ నంబర్ ఉన్న ముక్క చింపి రెండు దిక్కుల ఒకటే కోడ్ నంబరు వేసుడు, ఎందుకంటే దిద్దే సార్‌కు ఎవల పేపరో తెల్వొద్దు, మార్కులు వచ్చినంక మళ్ళ ఆ ముక్కను ఈ పేపరుకు కలుపుడు, ఒకాయన చదువుతుంటే ఇంకొకాయన టేబులేషన్ రిజిస్టర్ల రాసుడు, మొత్తం కలవకపోతే ఇంటికి పోవుడు లేదు. కంప్యూటర్ లేని దినాలు. మార్కులు ఎట్ల ఎక్కించేదో నాకు చూపించుకుంట లెక్క కలిపిండు, నోట్లెకెల్లి ఉర్దూ అంకెలే వచ్చినయి, ఇక్యావన్, బావన్, తిర్‌పన్. చిన్నప్పుడు బడి ఉర్దూ మీడియం అట. ఉస్మానియానే 1918ల ఉర్దూ మీడియంతోని మొదలైంది గద, దాని తోక ఇక్కడ ఒక గుమస్తా నాలిక మీద ఎన్ని ఏండ్లు ఉన్నదో చూడండి, అది ఏ రిజిస్టర్ల దొరకదు.

ప్రశ్నల సంగతి ఇంకొకటి. "కష్టమైందా సార్?" అంటే "అయింది" అంటడు, ముచ్చట ఖతం. ఎట్ల, ఏం, ఎవరు, ఎక్కడ అని మొదలయ్యే ప్రశ్నలు పెట్టుకోండి, ఒక్కసారికి ఒక్కటే. రెండు కలిపి అడిగితే సులువున్నదానికే జవాబు ఇస్తరు, ఇది పక్కా. మన దిక్కు ఇంకొక అలవాటు, ఎదుటి మనిషి జర ఆగిండంటే మనకు ఊపిరాడదు, "అవ్ అవ్, గంతే గద సార్" అని దూరుతం. దూరొద్దు. మనసుల ఏడు దాకా లెక్కపెట్టండి. అసలు మాట ఎక్కువసార్లు ఆ ఏడుల అయిదు, ఆరు దగ్గరనే వస్తది. "ఊ" కొట్టుడు గూడ బంద్, తలకాయ ఊపండి చాలు, లేకపోతే రికార్డింగ్ నిండ మీ ఊ ఊ లే ఉంటయి, నా మొదటి మూడు రికార్డింగులు అట్లనే ఉన్నయి, ఇనాలంటే సిగ్గయితది.

పిలుసుడు గూడ చిన్న ముచ్చట గాదు. అటెండర్ చేసి రిటైరైన తాత మిమ్ముల "సార్" అంటే, లేచి నిలబడితే, అది ఇంటర్వ్యూ గాదు ఎంక్వైరీ అయితది. ఆయన ఇంటికే పోండి, ఆయన మంచం మీద కూసుంటె మీరూ అదే ఎత్తుల కూసోండి, పెద్దనాయనా అనో బాపూ అనో మీ ఊర్ల ఏది అలవాటైతే అది. స్వీపర్‌గ చేసిన అవ్వల దగ్గర ఇంకో తకరారు, కొడుకు కోడలు పక్కన కూసుని ఆమె నోరు తెరవకముందే వాళ్ళే చెప్తరు. నేనైతే కొడుకును "అన్నా, బయట బండ్ల సప్పుడు రాకుండ జర చూడవా" అని గేటు కాడికి పంపిస్తా. మోసమే అనుకోండి, పని అయితది.

ఇగ తారీఖులు. దీని మీద జర ఎక్కువ చెప్తా, ఎందుకంటే అందరు ఇక్కడనే ఆగమైతరు. మనుషులకు ఏడు గుర్తుండదు, "ఏ సంవత్సరం సార్" అని మళ్ళ మళ్ళ అడిగితే పరీక్ష రాసినట్టు అయితది, ఏదో ఒక నంబరు చెప్పి తప్పించుకుంటరు. మీరే గుంజలు పాతి పెట్టుకోండి, అంటే అందరికీ యాదికుండే పెద్ద సంఘటనలు, వాటికి ముచ్చట్లు కట్టండి. సాగర్ కాల్వలకు నీళ్ళు ఇడిచింది 1967 ఆగస్టు. తెలంగాణ ఉద్యమం 1969. పట్టపగలు చీకటి పడ్డ సంపూర్ణ సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16, ఆ దినం మన దిక్కు బజార్లు బోసిపోయినయని ఇప్పటికీ చెప్తరు, ఉస్మానియా వాళ్ళ జాపాల్ రంగాపూర్ అబ్జర్వేటరీకి సైంటిస్టులు దిగింది గూడ అప్పుడే. ఎన్టీఆర్ వచ్చినంక గవర్నమెంటు నౌకర్ల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55 చేసింది 1983, అది నౌకరి చేసిన ఏ ఇంట్ల అడిగినా చెప్తరు. తెలంగాణ నౌకర్లల్ల చేరిన బయటోళ్ళను వాళ్ళ జాగలకు పంపాలన్న 610 జీవో 1985 డిసెంబర్. కృష్ణా, తుంగభద్ర పొంగి అలంపూర్ దిక్కు ఊర్లు మునిగింది 2009 అక్టోబర్. సకల జనుల సమ్మె 2011. "గ్రహణానికి ముందా ఎన్కనా" అని అడిగి చూడండి, టక్కున చెప్తరు.

మన యూనివర్సిటీల గుంజ మాత్రం వేరే. నల్లగొండల మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007ల, మహబూబ్‌నగర్‌ల పాలమూరు యూనివర్సిటీ 2008ల వచ్చినయి, అంతకుముందు రెండు దిక్కుల ఉస్మానియా పీజీ సెంటర్లే. అంటే అప్పుడున్నోళ్ళకు కుర్చీ కదలకుండనే యూనివర్సిటీ మారింది. "మీకు ఎట్ల అనిపించింది" అని అడగొద్దు, "పాత రబ్బర్ స్టాంపులు ఏం చేసిన్రు" అని అడగండి. పాత లెటర్ హెడ్లు ఎన్ని దినాలు నడిపిన్రు, బోర్డు ఎవరు రాసిన్రు, జీతం బిల్లు ఎక్కడికి పోయేది. కోపమైనా సంబురమైనా ఆ స్టాంపు ఎనకనే బయటికి వస్తది.

తారీఖు తప్పు చెప్తే అక్కడనే దిద్దొద్దు. ఇటలీల పోర్తెల్లి అని ఒక చరిత్రకారుడు తెర్ని అనే ఫ్యాక్టరీ ఊర్ల ముచ్చట్లు రికార్డు చేసిండు. అక్కడ 1949ల ఊరేగింపుల పోలీసు కాల్పులకు ఒక కార్మికుడు చనిపోయిండు, చానామంది పనోళ్ళు మాత్రం అది 1953ల, ఫ్యాక్టరీల నుంచి మందిని తీసేసినప్పుడు జరిగిందని చెప్పిన్రు. ఆయన దాన్ని తప్పు అని కొట్టెయ్యలే, ఆ చావును వేరే ఏడుకు ఎందుకు జరిపిన్రు అని చూసిండు: వాళ్ళ మనసుల్ల ఆ చావు పెద్దది, దానికి జవాబు చెప్పలేకపోయినం అనే బాధ, అందుకే పెద్ద కొట్లాట జరిగిన ఏడుకు తీసుకపోయి పెట్టిన్రు. నాకూ ఒకసారి అట్లనే అయింది. ఒక లెక్చరర్ సార్ 69 ఉద్యమంల నా డిగ్రీ పరీక్షలు ఆగినయి అన్నడు, చివరికి "అప్పుడు మీరు ఏ క్లాసు సార్" అంటే లెక్క 1972కు పోయింది, ముల్కీ రూల్స్, అంటే స్థానికులకే నౌకర్లు అనే రూల్స్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన ఏడు. రెండు గొడవలు ఆయనకు ఒకటే గొడవ అయి కూసున్నయి. నేను నోట్‌బుక్కుల రాసుకున్న, ఆయనతోని ఏం అనలే.

ఉత్త చేతులతోని పోవద్దు, వాళ్ళనూ ఉత్త చేతులతోని కూసోబెట్టొద్దు. ముందుగాలనే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ ఆర్డరు, ఐడీ కార్డు, గ్రూప్ ఫోటో తీసిపెట్టమనండి. ఫోటోల నడుమ కూసున్న పెద్దసార్ల పేర్లు అందరికీ తెలుసు, మీరు చివర నిలబడ్డోళ్ళను అడగండి, వాళ్ళల్ల డైలీ వేజ్ మీద ఇరవై ఏండ్లు చేసి పర్మినెంట్ గానోళ్ళు ఉంటరు.

ప్రమోషన్ ఎవరు ఆపిన్రు, ఏ కులపోళ్ళు ఏం చేసిన్రు అనే మాట వస్తది, రాకుండ ఉండదు. "ఇది బంద్ చెయ్ బిడ్డా" అంటే ఆయన కండ్ల ముంగటనే బంద్ చెయ్యండి, దొంగతనంగ నడపొద్దు. రికార్డింగ్‌కు ఒప్పుకున్నట్టు వాళ్ళతోని పెట్టించుకునే సంతకం కాయితంల ఈ ముక్క ఇన్ని ఏండ్ల దాకా ఎవరికీ ఇనిపియ్యొద్దు అని రాసుకునే గడి పెట్టండి, అది లేకపోతే మంచి ముచ్చట్లు సగం గేటు కాడ చెప్పులు వేసుకునేటప్పుడే చెప్తరు.

హోంవర్క్: ఒక్క మనిషి, ఒక్క పని దినం, ముప్పై నిమిషాలు. ఇంటికొచ్చి ఇనుకుంట అయిదు నిమిషాలకొకసారి ఏం ముచ్చట నడిచిందో ఒక్క లైను రాయండి, మీ గొంతు మొత్తం ఎన్ని నిమిషాలుందో గూడ లెక్కపెట్టండి. అయిదు దాటితే మళ్ళ పోండి, ఈసారి ఏమన్న పండ్లు తీసుకపోండి. వచ్చే పాఠంల రాసుడు, ఆయన "పోయిన్రు" అంటే మనం "వెళ్ళారు" అని రాయాల్నా వద్దా అనే పంచాయితీ, దాని మీద నాకు మా దోస్తుకు రెండేండ్ల నుంచి లొల్లి నడుస్తున్నది.