క్రోషే కుషన్ కవర్‌కి రంగులు చీర నుంచి తీసుకోవడం ఎలా

షాపులో దారం ఉండలు విడివిడిగా చూస్తే అన్నీ బాగుంటాయి, నాలుగు కలిపి అల్లేసరికి గజిబిజి అయిపోతుంది. హుక్‌తో అల్లే నరసాపురం క్రోషే లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతం పేరుతో వచ్చే గుర్తింపు, వచ్చిందని అందరం సంతోషపడ్డాం, అల్లిక మన దగ్గర అంత బాగా ఉంది, కానీ ఆ లేసు ఎక్కువగా తెలుపు, క్రీమే కాబట్టి రంగుల కోసం అందరూ ఇంటర్నెట్‌లో ఫారిన్ ఫొటోలు వెతుకుతారు. ఎందుకండీ, బీరువా తీయండి చాలు. గద్వాల్, నారాయణపేట, వెంకటగిరి, మంగళగిరి ఏదో ఒకటి ఉంటుంది కదా, ఏ రంగు పక్కన ఏది ఎంత ఉండాలో నేతవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు.

ఒక చీర తీసి పగటిపూట కిటికీ దగ్గర పరవండి, ట్యూబ్‌లైట్ కింద వద్దు, వంకాయ రంగు అక్కడ వేరేలా కనిపిస్తుంది. అందులోంచి మూడే రంగులు తీసుకోండి, చీర ఒంటి రంగు, అంచు రంగు, అంచులో సన్నగా గీతలా పోయే రంగు. ఉదాహరణకి గంధం రంగు ఒళ్ళు, మెరూన్ అంచు, మామిడిపండు రంగు గీత. నాలుగోది కూడా బాగుందనిపిస్తుంది కానీ మొదటి కవర్‌కి వద్దు.

దారం కొనేటప్పుడు మూడు ఉండలూ పక్కపక్కన పెట్టి ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. రెండు ఒకే బూడిద రంగులో కనిపిస్తే అవి పక్కపక్కన వచ్చినప్పుడు డిజైన్ తేలదు, ఒకటి మార్చాల్సిందే. నూనెలో నానబెట్టిన దారంతో నేసే తేలియా రుమాలు చూడండి, ముదురు ఎరుపు, నలుపు రెండూ బరువైన రంగులే, మధ్యలో తెలుపు ఉండబట్టే బొమ్మ అంత స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, కొలత. ఒళ్ళు 60 శాతం, అంచు 30, గీత 10 అనుకోండి. గ్రానీ స్క్వేర్ అంటే మధ్యలోంచి మొదలుపెట్టి చుట్టూ రౌండ్లుగా అల్లే చదరం. నాలుగు రౌండ్ల గ్రానీ స్క్వేర్‌లో మూడేసి డబుల్ క్రోషేల (పొడవు కుట్టు) గుత్తులు మొదటి రౌండ్లో 4, తర్వాత 8, 12, 16, మొత్తం 40 వస్తాయి. అంటే దారం ఇంచుమించు 10, 20, 30, 40 శాతం చొప్పున పోతుంది. కాబట్టి మధ్యలో గీత రంగు, రెండో రౌండ్ ఒంటి రంగు, మూడోది అంచు రంగు, నాలుగోది మళ్ళీ ఒంటి రంగు పెడితే 60, 30, 10 సరిగ్గా కుదురుతుంది. ముదురు రంగుని చివరి రౌండ్లో పెడితే అది 40 శాతం మింగేసి కవర్ మొత్తాన్ని నల్లబరుస్తుంది, చాలా కవర్లు బరువుగా కనిపించేది అందుకే.

మీడియం కాటన్ దారం, 4 ఎంఎం హుక్ తీసుకోండి. నాలుగు చైన్లు వేసి స్లిప్ స్టిచ్‌తో రింగ్ చేసి, ఆ రింగ్‌లోనే నాలుగు గుత్తులు, ప్రతి గుత్తి తర్వాత రెండు చైన్లు, అవే మూలలు. తర్వాతి రౌండ్లలో ప్రతి మూలలో రెండు గుత్తులు మధ్యలో రెండు చైన్లతో, పక్కల ఖాళీల్లో ఒక్కో గుత్తి. బ్రిటిష్ వీడియోల్లో ఈ డబుల్ క్రోషేనే ట్రెబుల్ అంటారు, చూసుకోండి. రంగు మార్చేటప్పుడు చివర ఆరు అంగుళాలు వదిలి అప్పటికప్పుడే లోపలికి దూర్చేయండి, చివర్లో చేద్దాంలే అని వదిలేస్తే విసుగొస్తుంది. స్క్వేర్ దాదాపు 4 అంగుళాలు వస్తుంది, చేతి బిగుతుని బట్టి కొంచెం అటూ ఇటూ. 16 అంగుళాల కుషన్ ముందు వైపుకి 16 కావాలి, వాటిని ఒంటి రంగుతో కలిపి చుట్టూ అంచు రంగుతో రెండు వరసలు అల్లండి, అప్పుడు నిజంగా చీర అంచులాగే ఉంటుంది. వెనక వైపుకి పాత కాటన్ బట్ట చాలు.

ఎరుపు, మెరూన్ దారాలు ముందే చిన్న ముక్క తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడండి, రంగు దిగితే ఆ దారం గంధం రంగు పక్కన అస్సలు వాడకండి.

నెమలి కంఠం రంగు కావాలంటే ఒక్క ఉండలో దొరకదు, ఎందుకంటే చీరలో అది పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు ఉండటం వల్ల వస్తుంది. సన్నటి నీలం, ఆకుపచ్చ దారాలు రెండు పోగులు కలిపి పట్టుకుని అల్లండి, పూర్తిగా ఆ మెరుపు రాకపోయినా దగ్గరగా వస్తుంది, నాకైతే ఇది చాలా ఇష్టం. మిగిలిన దారంతో పల్లూకి కుచ్చులు, బ్లౌజ్ వెనక తాళ్ళకి లట్కన్లు చేసుకోవచ్చు, ఆ చీరకే కడితే మ్యాచింగ్ వెతుక్కునే పనే ఉండదు.