ఫస్టియర్ క్లాసులో పాఠం అందరికీ అందాలంటే

విజయవాడ, గుంటూరు డిగ్రీ కాలేజీల్లో ఒకే సెక్షన్‌లో కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ చేసినవాళ్లుంటారు, పల్నాడు తండాల నుంచి వచ్చినవాళ్లుంటారు, ఉర్దూ మీడియంలో చదివినవాళ్లుంటారు, తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చిపోయేవాళ్లూ ఉంటారు. రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలోకి మారింది. అందుకే ముందు తేల్చుకోవాల్సింది భాష సంగతి.

మొదటి వారంలోనే అందరికీ అర ఠావు కాగితం ఇచ్చి నాలుగు విషయాలు రాయించుకోండి: ఇంటర్ ఏ మీడియం, ఇంట్లో ఏ భాష, రోజూ ఎక్కడి నుంచి రాకపోకలు, చూపు, వినికిడి, రాత విషయంలో ఏమైనా సాయం కావాలా. చేతులెత్తమంటే ఎవరూ ఎత్తరు. కులం, ఫీజు రీయింబర్స్‌మెంట్ వివరాలు మాత్రం అడగొద్దు. అవి ఆఫీసులో ఉంటాయి, పాఠానికి వాటితో పనిలేదు.

బోర్డులో ఎడమవైపు పావు వంతు మాటలకే వదిలేయండి. పీరియడ్‌కి ఆరేడు మాటలు చాలు. ఆసిలేషన్ పక్కన డోలనం, యాక్సిలరేషన్ పక్కన త్వరణం అని రాసి గంట కొట్టేదాకా చెరపకుండా ఉంచండి. ఇంటర్‌లో త్వరణం లెక్కలు అలవోకగా చేసినవాడు ఇంగ్లిష్ పేరు దగ్గర ఆగిపోతాడు. అది ఫిజిక్స్ రాకపోవడం కాదు. అలాగని పాఠమంతా తెలుగులోకి దించినా కష్టమే. లంబాడీ, ఉర్దూ ఇళ్ల పిల్లలకు పుస్తకాల తెలుగు కూడా కొత్తదే, పైగా పరీక్ష ఇంగ్లిష్‌లో రాయాలి. బొమ్మ గీసి, వాడుక మాటల్లో చెప్పి, ఆ వాక్యాన్నే చిన్న ఇంగ్లిష్‌లో మళ్లీ చెప్పండి.

మార్కులు ఎక్కువగా పోయేది ప్రశ్న అర్థంకాక. డిస్టింగ్విష్ అంటే రెండు నిర్వచనాలు రాసి ఊరుకుంటారు, జస్టిఫై అంటే కారణం రాయరు. పాత పేపర్ తీసి, ఏ క్రియ ఏం అడుగుతోందో ఒక పీరియడంతా చేయించండి.

“డౌట్లున్నాయా?” అని అడగడం దండగ. చివరి మూడు నిమిషాల్లో అర్థంకాని ఒక్క ముక్కను, పేరు లేకుండా, వచ్చిన భాషలో చీటీ మీద రాయమనండి. మర్నాటి పాఠం అక్కడి నుంచే మొదలవ్వాలి. “వీక్” పిల్లలంటూ ఒక బెంచీ వేరు చేశారా, చీటీలు కూడా రావు.

స్లిప్ టెస్టు మొదటి గంటలో పెట్టొద్దు. రైలు లేటయితే పోయేది ఎప్పుడూ ఆ ఊళ్ల పిల్లల మార్కులే.

నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉండి స్క్రైబ్‌కి (చెప్పింది రాసిపెట్టే మనిషికి) అర్హత ఉన్నవాళ్లకు కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. యూనివర్సిటీ పరీక్షల్లో గుర్తుండే ఈ లెక్క కాలేజీ సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్షలో మరిచిపోతారు. గంటన్నర మిడ్ అయితే అరగంట అదనంగా ఇవ్వాలి, పక్క గది ముందే చూసుకోవాలి.

నోట్స్ సంగతి. అను లాంటి పాత ఫాంట్లలో డీటీపీ చేసిన తెలుగును స్క్రీన్ రీడర్ (చూపులేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పిచ్చి అక్షరాలుగా చదువుతుంది. వాట్సాప్‌లో పెట్టే పేజీ ఫొటోలను అసలు చదవదు. ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే యూనికోడ్‌లో టైపు చేసిన ఫైల్ ఇవ్వండి, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. వినికిడి తక్కువున్నవాళ్లు పెదాలు చూసి పట్టుకుంటారు కాబట్టి రాస్తూ మాట్లాడొద్దు: రాయండి, తిరగండి, అప్పుడు చెప్పండి. పచ్చ బోర్డు మీద ఎర్ర సుద్దముక్క వాడొద్దు, రంగులు పోల్చుకోలేనివాళ్లకు ఆ గీత కనపడదు.

స్కాలర్‌షిప్ పెండింగ్ పేర్లు క్లాసులో చదవమని ఆఫీసు నుంచి కాగితం వస్తే చదవకండి. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చెప్పండి.