విశాఖకు తిరిగొచ్చి పాత కారు నడుపుతున్నారా? ముందు ఎర్త్ చూడండి

దుబాయ్ నుంచో, డాలస్ నుంచో తిరిగొచ్చి విశాఖలో స్థిరపడుతున్నవాళ్లకు మొదటి నెలల్లోనే కారు అవసరం పడుతుంది. పిల్లల స్కూలు, అమ్మానాన్నల ఆస్పత్రి పనులు, ఆదివారం భీమిలి, వీలైతే సింహాచలం. కొందరు సెకండ్‌ హ్యాండ్‌లో ఒకటి కొంటారు. ఇంకొందరికి నాన్నగారి జెన్నో, శాంత్రోనో సెల్లార్‌లో కవరు కప్పుకుని ఉంటుంది, దాన్నే బయటికి తీస్తారు. కాగితాల సంగతి మీకు ఎవరైనా చెబుతారు. ప్రైవేటు కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. అది చూసుకుంటే చాలు. నేను చెప్పదలచుకున్నది కారులోని కరెంటు గురించి.

ఈ ఊళ్లో పాత కారు కరెంటు విషయంలో తేడా చేస్తే, బ్యాటరీ గానీ సెల్ఫ్ మోటారు గానీ ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసేది) గానీ మార్చకముందు ఎర్త్ కొలిపించండి. ఎర్త్ అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరే దారి. వేల రూపాయల సామాను మార్చాక కూడా అదే తేడా మళ్లీ కనిపించడం ఇక్కడ తరచూ జరిగేదే.

మీరున్న చోట ఈ బాధ ఇంతగా లేకపోయి ఉండవచ్చు. ఇక్కడ సముద్రం ఊరిని ఆనుకునే ఉంది. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, సాగర్ నగర్, రుషికొండ వైపు ఇల్లైతే రాత్రంతా ఉప్పుగాలి కారు మీదే ఉంటుంది. పెందుర్తి వైపు కొంచెం నయం. గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు ఎక్కువే. ఉప్పు, తేమ కలిస్తే ఇనుముకు తుప్పు, రాగికి పచ్చటి చిలుము. రాగి లగ్గును (కేబులు కొసకు ఉండే, బోల్టు పట్టే రింగును) అల్యూమినియం ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో బిగించిన చోట ఇంకా కష్టం. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పునీటి తడి. అక్కడ అల్యూమినియం తెల్లటి పొడిగా మారిపోతుంది. పైనుంచి చూస్తే బోల్టు బిగుతుగానే కనిపిస్తుంది, కింద మాత్రం లోహానికి లోహం సరిగా తగలదు.

కారులో బ్యాటరీ ప్లస్ నుంచి ప్రతి లైటుకూ, మోటారుకూ వైరు వెళ్తుంది. తిరిగి మైనస్‌కు చేరే దారి మాత్రం చాలావరకు బాడీ రేకే. అందుకని బ్యాటరీ మైనస్ నుంచి ఒక లావు కేబులు బాడీకి, ఇంకొకటి ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో ఉంటాయి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి కేబులు లేకుండా దానికి బాడీతో కరెంటు సంబంధం ఉండదు. ఇవి కాక హెడ్‌లైట్ల దగ్గర, డాష్‌బోర్డు కింద, డిక్కీలో చిన్న చిన్న ఎర్త్ పాయింట్లు ఉంటాయి. వీటిలో ఏది చెడినా ఆ పాయింటు మీద ఆధారపడ్డవన్నీ ఒకేసారి వేషాలు వేస్తాయి.

ఎర్త్ తేడాను గుర్తుపట్టే అసలు కిటుకు అక్కడే ఉంది. ఒక వస్తువు చెడితే అదొక్కటే పనిచేయదు. ఎర్త్ చెడితే సంబంధం లేని రెండు వస్తువులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకగా వెలుగుతుంది. హెడ్‌లైటు వేయగానే పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు కదులుతాయి. వైపర్ తిరుగుతుంటే ఇండికేటర్ నెమ్మదిస్తుంది. తన దారి మూసుకుపోయిన కరెంటు పక్క బల్బులోంచి తిరిగి రావడానికి చూస్తుంది, అందుకే ఈ వింతలు. వెనక లైట్లలో ఇలా కనిపిస్తే బల్బు హోల్డరు ఎర్తే మొదటి అనుమానితుడు.

సెల్ఫ్ కొడితే టిక్ టిక్ మని ఊరుకోవడం, లేదా బలం లేనట్టు తిరగడం ఇంకో లక్షణం. ఇది బ్యాటరీ వల్లా కావచ్చు, ఎర్త్ వల్లా కావచ్చు. కానీ సెల్ఫ్ కొట్టాక క్లచ్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో వేడెక్కి ఉంటే దాదాపు సందేహం అక్కర్లేదు. ఇంజన్ ఎర్త్ తెగిపోయి, సెల్ఫ్ లాగే కరెంటంతా ఆ సన్నటి కేబుల్లోంచి పోతోందన్నమాట. ఇది కనిపిస్తే మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. కేబులు కాలిపోతుంది, మంటలు లేచినా ఆశ్చర్యం లేదు. ఎంపీఎఫ్ఐ కార్లలో, అంటే పెట్రోలు పంపకాన్ని కంప్యూటర్ చూసుకునేవాటిలో, ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉండటం, చెక్ ఇంజన్ లైటు వెలిగి ఒకేసారి నాలుగైదు సెన్సర్ల పేర్లు చెప్పడం కూడా జరుగుతుంది. అన్ని సెన్సర్లు కలిసి ఒకే రోజు పాడవవు. వాటి ఉమ్మడి ఎర్త్ చూడమనండి.

కొలవడానికి మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. దీన్ని మాత్రం మీ దగ్గర ఉంచుకోండి. చాలామంది మీటరును ఓమ్స్‌లో పెట్టి, సున్నా చూపించగానే ఎర్త్ బాగుందనేస్తారు. అది నమ్మకండి. పది పోగులు తెగి ఒక్క పోగు మిగిలిన కేబులు కూడా సున్నాయే చూపిస్తుంది, ఎందుకంటే ఆ మీటరు పంపే కరెంటు అతి తక్కువ. టెస్ట్ లైటు సంగతీ అంతే. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్ల దాకా లాగినప్పుడు పరిస్థితి వేరు. దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. 12 వోల్టుల బండికి అది చాలా పెద్ద నష్టం. కాబట్టి లోడు పడుతున్నప్పుడు వోల్టేజి కొలవాలి.

పద్ధతి ఇది. ముందు బ్యాటరీ సంగతి తేల్చుకోండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య. తర్వాత మీటరును డీసీ 20 వోల్టుల స్కేలులో పెట్టి, నల్ల వైరును బ్యాటరీ మైనస్ సీసం పోస్టుకే ఆనించండి. పైన బిగించిన క్లాంపుకు కాదు, ఎందుకంటే ఆ రెంటి మధ్యే చిలుము ఉండొచ్చు. ఎర్ర వైరును ఇంజన్ మీద శుభ్రమైన లోహానికి ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. మీటరు 0.2 వోల్టుల లోపు చూపిస్తే ఇంజన్ ఎర్త్ బాగున్నట్టే. అర వోల్టు దాటితే తప్పు అక్కడే. బాడీకి కూడా ఇలాగే చూడండి, ఈసారి సెల్ఫ్ బదులు హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటరు ఉంటే అదీ వేసి. ఇక్కడ 0.1 వోల్టు దాటకూడదు. మసకగా వెలిగే హెడ్‌లైటు అయితే ఎర్ర వైరును ఆ బల్బు ఎర్త్ పిన్నుకే ఆనించండి. ఎక్కువ చూపిస్తే అక్కడి నుంచి ఒక్కో జాయింటూ దాటుకుంటూ బ్యాటరీ వైపు రండి. ఏ జాయింటు దాటగానే వోల్టేజి పడిపోయిందో తప్పు దానిదే.

మీటరు లేకుండా రోడ్డు మీద ఆగిపోతే జంపర్ కేబులు ఒకటి చాలు. ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఇంజన్ మీద దళసరి లోహానికి పట్టించి సెల్ఫ్ కొట్టండి. బండి హుషారుగా స్టార్టయితే బ్యాటరీది తప్పు కాదు, ఎర్త్‌దే. ప్రతి పాత కారు డిక్కీలోనూ మంచి జంపర్ కేబుల్ ఉండాలని నా గట్టి అభిప్రాయం.

సెకండ్‌ హ్యాండ్ కారు చూసేటప్పుడు ఇక్కడ ప్రత్యేకంగా గమనించాల్సింది కొత్త పెయింటు. సముద్రపు ఊరు కాబట్టి పాత బండ్లకు తుప్పు సహజం, అమ్మేముందు టింకరింగ్ చేసి రంగు వేయిస్తారు. అందులో మోసమేమీ లేదు. కానీ ఎర్త్ బోల్టు కింద రేకుకు కూడా రంగు పడితే ఆ రంగు కరెంటును అడ్డుకుంటుంది. బానెట్ ఎత్తి, మైనస్ కేబులు బాడీకి కలిసే చోట చూడండి. లగ్గు కింద మెరిసే రేకు ఉండాలి, మెరిసే రంగు కాదు. నేల రేకుకు వెల్డింగ్ చేయించే పని పడితే బ్యాటరీ మైనస్ తీయించాకే మొదలుపెట్టనివ్వండి. లేకపోతే వెల్డింగ్ కరెంటు కారు కంప్యూటర్‌ను, ఆల్టర్నేటర్‌ను దెబ్బతీయొచ్చు. బండి ఎప్పుడైనా వరద నీటిలో ఆగిందా అని కూడా అడగండి. కార్పెట్ కింద ఎర్త్ పాయింట్లలో చేరిన తడి నెలల తర్వాత బయటపడుతుంది.

బయటి షాపులో అమర్చిన మ్యూజిక్ సిస్టమ్, ఫాగ్ లైట్లు, ఎక్కువ వాట్ల బల్బులు మరో చిక్కు. 55 వాట్ల చోట 100 వాట్ల బల్బు పెడితే ఎనిమిది ఆంపియర్లకు పైగా పోతుంది. ఆ పాత సన్న ఎర్త్ వైరు అందుకోసం చేసింది కాదు.

గాజువాక ఆటోనగర్‌లో మంచి ఆటో ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, చేతి పనిలో చాలా దిట్టలు. అయితే అక్కడి వేగానికి కొత్తవాళ్లు కాస్త బెదురుతారు. మర్యాదగా, స్పష్టంగా అడగండి: ‘మేస్త్రీ గారూ, బ్యాటరీ మార్చే ముందు సెల్ఫ్ కొడుతూ ఎర్త్‌లో ఎంత వోల్టేజి డ్రాప్ ఉందో ఒకసారి చూద్దామండి.’ పని తెలిసినవాళ్లు సంతోషంగా చూస్తారు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ కేబులు పీకి ఆల్టర్నేటర్‌ను పరీక్షిస్తామంటే మాత్రం వద్దనండి. ఆ క్షణంలో వోల్టేజి ఎగిసి ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు, కంప్యూటర్ పోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో పసుపు కవరు వైర్ల జోలికి పోవద్దని కూడా చెప్పండి.

బాగుచేయడం సులువే. ముందు మైనస్ క్లాంపు తీయాలి, చివరగా మైనస్సే బిగించాలి. ఎందుకంటే మైనస్ ఉండగా ప్లస్ విప్పితే పానా బాడీకి తగిలి పెద్ద మెరుపు వస్తుంది. ఎర్త్ బోల్టు విప్పి, లగ్గునూ రేకునూ ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. పళ్ల వాషరు వేసి గట్టిగా బిగించండి. ఆ తర్వాతే పైన వాసెలిన్ గానీ గ్రీజు గానీ దట్టంగా పూయండి. కేబులు కొస దగ్గర ఉబ్బినా, తొడుగు కింద పచ్చగా కనిపించినా రుద్దడం దండగ, లోపలి దాకా చిలుము పాకి ఉంటుంది. అదే మందం లేదా ఇంకా లావైన రాగి కేబులు, తగరం పూత ఉన్న లగ్గులు ప్రెస్ చేయించి వేయించండి. పాత బండికి ఇంజన్ నుంచి బాడీకి అదనంగా ఒక కేబులు వేయించినా నష్టమేమీ లేదు. అయ్యాక మళ్లీ కొలవండి. కొలవకుండా పని అయిందనుకోవద్దు.

ఏడాదికోసారి, జూన్ వానలు మొదలయ్యేలోపు ఈ పాయింట్లన్నీ చూపించుకోండి. అక్టోబరు, నవంబరు తుపానుల తర్వాత ఇంకోసారి చూస్తే మంచిది. మళ్లీ కొన్ని నెలలు విదేశాలకు వెళ్లాల్సి వస్తే బ్యాటరీ మైనస్ తీసి, కొసలకు వాసెలిన్ రాసి పెట్టండి. ఇంట్లో బండి తీయబోయేవాళ్లకు ఆ సంగతి చెప్పి, 10 నంబరు పానా ఎక్కడుందో చూపించి వెళ్లండి.