పిల్లల మెదడులో అన్యూరిజం: తల్లిదండ్రులు ఏం చేయాలి?

మెదడుకు రక్తం తీసుకుపోయే ధమని గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బడాన్ని అన్యూరిజం అంటారు. ఇది ప్రధానంగా పెద్దల జబ్బు. మొత్తం కేసుల్లో పిల్లలవి 5 శాతంలోపే ఉంటాయి. అరుదు కనుకనే దీన్ని మైగ్రేన్ అనో, అజీర్తి వాంతులనో పొరబడే ప్రమాదం ఉంది.

ఈ ఉబ్బు చిట్లితే మెదడు చుట్టూ రక్తస్రావమవుతుంది. అప్పటిదాకా ఆడుకుంటున్న బిడ్డ ఉన్నట్టుండి భరించలేని తలనొప్పితో విలవిల్లాడినా, దానితోపాటు వాంతులు, మెడ బిగుసుకోవడం, ఫిట్స్, మగత కనిపించినా, తగ్గుతుందేమోనని చూడకుండా 108కి ఫోన్ చేయాలి. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, లక్షణాలు మొదలైన సమయం రాసుకోవాలి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకూడదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ అసలే వద్దు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టడం మన దగ్గర అలవాటే గానీ, దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఉబ్బు చిట్లకుండా పెరుగుతున్నప్పుడు కనురెప్ప వాలిపోవడం, వస్తువులు రెండుగా కనిపించడం వంటివి ఉండవచ్చు.

ఆసుపత్రిలో ముందుగా సీటీ స్కాన్ తీస్తారు. అందులో రక్తం కనిపించకపోయినా అనుమానం తీరకపోతే వెన్ను నుంచి నీరు తీసి పరీక్షిస్తారు. ఉబ్బు ఆకారాన్ని స్పష్టంగా చూపేది గజ్జలోని ధమని గుండా చేసే యాంజియోగ్రామ్. ఈలోగా ఇటీవల తలకు తగిలిన దెబ్బ, గుండె కవాటాల జబ్బు, విడవని జ్వరం, కుటుంబంలో కిడ్నీ తిత్తుల వ్యాధి, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) వంటివేమైనా ఉంటే దాచకుండా చెప్పాలి, ఎందుకంటే చికిత్స కారణాన్ని బట్టి మారుతుంది. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన ఉబ్బుకు కొన్ని వారాల యాంటీబయాటిక్స్ తప్పనిసరి. వాటితోనే కొన్ని కుంచించుకుపోతాయి.

పెద్దల్లో సాధారణంగా పుర్రె తెరిచి ఉబ్బు మెడకు, అంటే అది ధమనికి అంటుకున్న సన్నని చోట, క్లిప్ పెడతారు, లేదా గజ్జ నుంచి సన్నని గొట్టం పంపి లోపల ప్లాటినం తీగలు చుట్టి నింపుతారు. దీన్నే కాయిలింగ్ అంటారు. పిల్లల్లో ఈ రెండు పద్ధతులూ అన్నిసార్లూ సాధ్యపడవు. వారిలో 25 మిల్లీమీటర్లు దాటిన భారీ ఉబ్బులు, మెడ అంటూ లేకుండా ధమని మొత్తమే కదురులా ఉబ్బినవి పెద్దలలో కంటే ఎక్కువ పాళ్లలో కనిపిస్తాయి. అప్పుడు రక్తప్రవాహాన్ని మళ్లించే స్టెంట్ (సన్నని జాలీ గొట్టం) వేయడం, ఆ ధమనినే మూసేయడం, అవసరమైతే రక్తానికి వేరే దారి కల్పించే బైపాస్ చేయడం ఆలోచిస్తారు. ఈ స్టెంట్ వేస్తే రక్తం గడ్డకట్టకుండా నెలల తరబడి మందులు వాడాలి. పైగా ఎదిగే వయసులో ధమని కూడా పెరుగుతుంది, స్టెంట్ పెరగదు. అందువల్ల న్యూరోసర్జన్, ఇంటర్వెన్షనల్ నిపుణుడు (రక్తనాళాల్లోకి గొట్టం పంపి చికిత్స చేసే డాక్టర్) ఇద్దరూ కలిసి ఫిల్మ్‌లు చూసి నిర్ణయించే కేంద్రాన్నే ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఒక్క పద్ధతే తెలిసిన చోట ఆ పద్ధతే సరైనదిగా తోస్తుంది. ఇదే పద్ధతి ఎందుకు, ఇంతవరకు ఎంతమంది పిల్లలకు చేశారు, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని మొహమాటపడకుండా అడగండి.

రక్తస్రావమైన బిడ్డకు ఆపరేషన్ బాగా జరిగినా గండం గడిచినట్టు కాదు. సుమారు నాలుగో రోజు నుంచి రెండు వారాల వరకు మెదడు ధమనులు ముడుచుకుపోయే అవకాశం ఉంటుంది కనుక ఐసీయూలో ఉంచుతారు. డిశ్చార్జి అయ్యాక ఏళ్ల తరబడి స్కాన్‌లు తప్పవు. నయమైన ఉబ్బు తిరిగి రావచ్చు, కొత్తది మరోచోట పుట్టవచ్చు. రిపోర్టుతోపాటు యాంజియోగ్రామ్ సీడీని, అమర్చిన క్లిప్, కాయిల్ లేదా స్టెంట్ వివరాలున్న కార్డును భద్రపరచి, ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లే ముందు ప్రతిసారీ ఆ కార్డును సిబ్బందికి చూపించాలి.