చలికాలం ఆక్స్‌ఫర్డ్‌కు వస్తున్నారా? చీకటి పడ్డాక నది గట్టు ఎక్కకండి

ఆక్స్‌ఫర్డ్ మీదుగా పారే థేమ్స్ నదికి చలికాలంలో వరద హెచ్చరికలు వస్తుంటాయి. క్రిస్మస్‌కు పిల్లల దగ్గరికొచ్చే అమ్మానాన్నలు, లండన్ నుంచి ఒక్కరోజుకు వచ్చిపోయే మన విద్యార్థులు ఇది చదివి బయల్దేరండి. స్వెట్టర్లు, మంకీ క్యాపుల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

నాకు భయమల్లా ఫోన్లో మ్యాపు చూపే దగ్గరిదారి గురించే. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం 4 కాకుండానే పొద్దు వాలిపోతుంది. మధ్యాహ్నం ఫాలీ బ్రిడ్జి నుంచి నది వెంబడి ఇఫ్లీ లాకుల దాకా సరదాగా నడిచినవాళ్ళకు తిరుగుదారిలో కటిక చీకటే. మ్యాపు మాత్రం గట్టు మీదే నడవమంటుంది. అక్కడ చాలాచోట్ల దీపాలుండవు, రెయిలింగూ ఉండదు. వరదనీరు గట్టెక్కిన రోజున ఫోన్ టార్చి వెలుగులో దారీ నదీ ఒకే నల్లటి అద్దంలా మెరుస్తాయి. అంచు ఎక్కడో తెలియదు. ఈత వచ్చు కదా అనుకోవద్దు. అంత చల్లటి నీళ్ళు ఒంటికి తగలగానే మన ప్రమేయం లేకుండా ఊపిరి ఎగబీలుస్తాం, నోట్లోకి నీళ్ళు పోతాయి. చేయి ఆడించేలోపే ప్రాణం మీదికొస్తుంది. ఆక్స్‌ఫర్డ్ కాలువ గట్టుకూ ఇదే మాట. అబింగ్డన్ రోడ్డో, ఇఫ్లీ రోడ్డో పట్టుకుని రండి, బస్సులుంటాయి.

లాకుల దగ్గర ఎర్రబోర్డు పెట్టారంటే ప్రవాహం ఉధృతంగా ఉందని. పడవలు దించొద్దని చెప్పే ఎర్రజెండా ఎగిరిన నాడు, రోజూ తెడ్డేసే కాలేజీ జట్లే పడవలు దించవు.

ఊళ్ళో అయితే రాడ్‌క్లిఫ్ స్క్వేర్ గుండ్రాళ్ళతో జాగ్రత్త. రాత్రి తడిసి తెల్లారేసరికి గడ్డకడితే ఆ మంచుపొర కంటికి ఆనదు. అడుగు అరిగిన బూట్లు వద్దు, చీర అంచు నేలకు తగలనివ్వద్దు. డిసెంబరు 25న రైళ్ళుండవు. ఆ వారంలో చాలా కాలేజీలు లోపలికి రానివ్వవు, ముందే చూసుకోండి.

నది పక్కనున్న పచ్చికబయలు పోర్ట్ మెడోలో గడ్డకట్టిన నీటి మీద కాలు పెట్టొద్దు. పిల్లల్ని అసలు దించొద్దు. హంసల ఫొటో కోసం అంచున వంగొద్దు. ఇయర్‌ఫోన్లు తీసేయండి. పార్టీ అయ్యాక తాగినవాళ్ళను ఒంటరిగా పంపొద్దు. చీకటి పడ్డాక గట్టు ఎక్కొద్దు, నలుగురున్నా ఎక్కొద్దు. నీళ్ళలో పడితే కొట్టుకోకుండా వెల్లకిలా తేలండి, ఊపిరి కుదుటపడ్డాకే కేకెయ్యండి. పక్కవాళ్ళు పడితే మీరు దూకొద్దు. అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి ఫైర్ సర్వీసును అడగండి, పొడవాటి మఫ్లరైనా సరే అందించండి. నిలబడి కాదు, నేల మీద బోర్లా పడుకుని.